ఎండలు ముదరకముందే: కీటకాహార మొక్కలకు ఏ నీళ్లు?

విజయవాడ, గుంటూరుల్లో వీనస్ ఫ్లైట్రాప్, డ్రోసెరా, సారసీనియా పెంచేవాళ్లు మార్చి దాటకముందే ఒక సంగతి తేల్చుకోవాలి. మే నెలలో వాటికి ఏ నీళ్లు పోస్తారు? ఈ మొక్కలు పుట్టి పెరిగేది ఖనిజాలు దాదాపు లేని చిత్తడి నేలల్లో. అక్కడ చాలని నత్రజనిని పురుగుల నుంచి రాబట్టుకుంటాయి. అందుకే వాటి వేర్లకు ఉప్పులు పడవు. మందారం హాయిగా తాగే బోరు నీళ్లే వీటిని కొద్ది నెలల్లో చంపేయగలవు.

నీళ్లు తియ్యగా ఉన్నాయని పోసేయకండి, టీడీఎస్ (నీటిలో కరిగిన ఉప్పుల మోతాదు) చూపే మీటరు పెట్టి చూడండి. 50 లోపు ఉంటే నిశ్చింత. 100 దాకా ఎప్పుడైనా ఒకసారి ఫర్వాలేదు. కుళాయి నీళ్లు రాత్రంతా బకెట్లో ఉంచితే క్లోరిన్ కొంత పోతుందేమో గానీ ఉప్పులు పోవు. కాచినా పూర్తిగా పోవు, నీరు ఆవిరయ్యే కొద్దీ మిగిలినవి చిక్కబడతాయి.

ఇంట్లో ఆర్వో ఉంది కదా అన్న ధీమా వద్దు. చాలా మెషిన్లలో రుచి కోసం ఖనిజాలు మళ్లీ కలుస్తాయి. 20 లీటర్ల క్యాన్లనూ నమ్మలేం, తెచ్చిన ప్రతిసారీ కొలవాల్సిందే.

అసలు గండం కుండీ కింద నీళ్లు నింపి పెట్టే ట్రేలో ఉంది. ఎండకు నీరు ఆవిరైపోతుంది, ఉప్పు అక్కడే ఉండిపోతుంది. 80 టీడీఎస్ నీళ్లు పావు వంతుకు ఇంకితే 320 దగ్గరికి చేరతాయి. వాటి మీదే రోజూ కొత్త నీళ్లు పోస్తూ పోతే రోహిణి కార్తె వచ్చేసరికి ఆకుల అంచులు మాడతాయి, డ్రోసెరా మీద జిగురు బొట్లు మాయమవుతాయి. ఎండ దెబ్బేమో అని మనం టెన్షన్ పడి మరిన్ని నీళ్లు పోస్తాం! రెండు వారాలకోసారి ట్రే ఒంపేసి, కుండీ అడుగు నుంచి ధారగా కారేదాకా పైనుంచి తక్కువ టీడీఎస్ నీళ్లు పోయండి. కూజా మొక్క నెపెంథిస్‌ను మాత్రం ట్రే నీళ్లలో నిలబెట్టకండి.

వేసవి గాలివానలను వదులుకోవద్దు. డాబా మీద ఆరుబయట వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు పెట్టండి. స్లాబు గొట్టం నుంచి వచ్చే నీళ్లలో సిమెంటు సున్నం, పక్షుల రెట్టలు కలుస్తాయి కాబట్టి అవి వద్దు. మొదటి కాసేపటి వాన వదిలేసి తర్వాతిది పట్టుకోండి. ఆ నీళ్లు దాచే డ్రమ్ముకు మూత బిగించాలి, లేకపోతే డెంగీ దోమలకు ఇల్లు కట్టిచ్చినట్టే.

వాన లేకపోతే బ్యాటరీ షాపులో డిస్టిల్డ్ వాటర్ దొరుకుతుంది. అదే షాపులో యాసిడ్ కూడా అమ్ముతారు, లేబుల్ చదివి తీసుకోండి. ఇంటికొచ్చాక మీటరు కూడా పెట్టండి.

తక్కువ టీడీఎస్ నీళ్లు పూర్తిగా అయిపోతే? మొక్కను ఎండనివ్వకండి. ఒకటి రెండు రోజులు కుళాయి నీళ్లే పోసి బతికించండి, తక్కువ టీడీఎస్ నీళ్లు దొరగ్గానే వాటితో కుండీని పైనుంచి బాగా కడగండి.