కరాటే క్లాసులో మొదటి మూడు నెలలు: ముందు కాలు, తర్వాతే చెయ్యి

కొత్త బ్యాచ్ మొదలైన రెండో వారానికే అమ్మానాన్నలు అడిగేస్తారు: "కటా ఎప్పుడు నేర్పుతారు సార్? యెల్లో బెల్టు ఎప్పుడు?" జవాబు షోటోకాన్ అనే కరాటే శైలిలోని మొదటి కటా (ముందే కుదిర్చిన కదలికల వరుస) హెయాన్ షోదాన్‌లోనే ఉంది. మొత్తం 21 కదలికలు. విడదీసి చూస్తే గెదాన్ బరాయ్ (కిందివైపు అడ్డుకోవడం), ఓయ్ జుకి (అడుగేస్తూ గుద్దు), అగె ఉకె (పైకి అడ్డుకోవడం), షుతో ఉకె (అరచేతి అంచుతో అడ్డుకోవడం), పిడికిలితో ఒక సుత్తిదెబ్బ, రెండు స్టాన్సులు (నిలబడే తీరులు). ఇవి కుదిరిన పిల్లాడికి ఇక మిగిలేది దారి గుర్తుపెట్టుకోవడమే. (ఈ హెయాన్ కటాల వరుసను కరాటే గురువు ఇతోసు అంకో 1900ల తొలినాళ్లలో ఒకినావా బడిపిల్లల కోసం కూర్చాడు. పినాన్ అనే పేరును హెయాన్‌గా మార్చింది షోటోకాన్ స్థాపకుడు ఫునాకోషి.) అందుకే మొదటి మూడు నెలలు గంట క్లాసులో సగం ప్రాథమిక కదలికల సాధనకు, అంటే కిహోన్‌కే ఇవ్వండి.

ముందు నేల సంగతి. బెంగళూరు అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌసుల్లో నున్నటి టైల్స్ ఉంటాయి, నాలుగు చెమట చుక్కలు పడితే చాలు పాదం జారుతుంది. క్లాసుకు ముందు పొడిగుడ్డతోనే తుడవండి, తడిగుడ్డ వద్దు. టెర్రస్ మీద ఇబ్బంది వేరు. గరుకు గచ్చు మీద ఉత్త కాళ్లతో తిరిగితే అరికాలి చర్మం లేస్తుంది, కాబట్టి అక్కడ తిరగడాలు తక్కువ పెట్టండి. డిసెంబరు, జనవరి పొద్దుల్లో వార్మప్ పది నిమిషాలు సరిపోదు, పదిహేను చేయించండి.

ఇప్పుడు జెన్కుత్సు దాచి, అంటే ముందు మోకాలు వంచి నిలబడే స్టాన్స్. సుద్దముక్కతో నేల మీద రెండు సమాంతర గీతలు గీయండి. మధ్య ఎడం పిల్లాడి తుంటి వెడల్పు. ఒక్కో పాదం ఒక్కో గీత మీద ఉండాలి. రెండూ ఒకే గీత మీదికి వచ్చాయంటే పక్కనుంచి వేలితో తోసినా తూలుతాడు. మాటలతో చెప్పే బదులు ఒకసారి తోసి చూపించండి. ముందు పాదానికీ వెనక పాదానికీ దూరం సుమారు రెండు భుజాల వెడల్పు, బరువు ముందు కాలి మీద 60 శాతం, వెనక 40. కిందికి చూస్తే ముందు మోకాలు బొటనవేలిని కప్పేయాలి. వేలు లోపలివైపు కనిపించిందంటే మోకాలు బయటికి ఒరిగినట్టు, బయటివైపు కనిపించిందంటే లోపలికి కూలినట్టు. లోపలికి కూలేదే ఎక్కువ, నొప్పి తెచ్చేదీ అదే.

వెనక మడమ లేవడం అందరికీ ఉండే తప్పు. దీన్ని దిద్దబోయి మాస్టార్లే ఇంకో తప్పు నేర్పుతారు. "మడమ దించు" అని అరిస్తే పిల్లాడు వెనక పాదాన్ని పూర్తిగా పక్కకు తిప్పేసి మడమ దించుతాడు. మడమ దిగుతుంది గానీ పాదం ఒకవైపు, తుంటి ఒకవైపు లాగుతూ మధ్యలో మోకాలు మెలిపడుతుంది. అసలు కారణం చీలమండ బిగుసుగా ఉండటం, స్టాన్స్ దానికి మించి పొడవవడం. బెత్తెడు తగ్గించండి. వెనక వేళ్లు ముందుకే, కాస్త ఏటవాలుగా, 45 డిగ్రీలు దాటకుండా ఉండాలి. పొడవు నెలల మీద దానంతట అదే వస్తుంది.

నడకలో చూడాల్సింది తల. ఇద్దరు పిల్లలకు బెల్టు రెండు కొసలూ ఇచ్చి, స్టాన్స్‌లో నిలబడ్డవాడి తల మీద నాలుగు వేళ్ల ఎత్తున అడ్డంగా పట్టించి, దాని కిందనుంచి నడిపించండి. అడుగు మధ్యలో తల బెల్టుకు తగిలితే తొడ నొప్పికి మోకాలు సాగదీస్తున్నాడని అర్థం. ఐదడుగులు ముందుకు, తిరిగి ఐదు. అంతకుమించి వద్దు.

గుద్దు నిలబడిన చోటే మొదలుపెట్టండి. నాలుగు వేళ్లూ బిగించి, బొటనవేలు బయట చూపుడు, మధ్య వేళ్ల మీద అడ్డంగా ఉండాలి. తగలాల్సింది మొదటి రెండు కణుపులు. మణికట్టు కిందికి వంగుతోందా అన్నది పిడికిలిని గోడకు మెల్లగా ఆనిస్తే వెంటనే తెలుస్తుంది. మోచెయ్యి బయటికి రెక్కలా లేచేవాడిని గోడ పక్కన, భుజానికి బెత్తెడు దూరంలో నిలబెట్టి గుద్దమనండి. మోచెయ్యి లేస్తే గోడకు తగులుతుంది. మూడోసారికల్లా మీ మాట అక్కర్లేకుండానే మోచెయ్యి పక్కటెముకల్ని రాసుకుంటూ వెళ్తుంది. పిడికిలి తిప్పడం చివర్లోనే. రెండో చెయ్యి అదే క్షణంలో తుంటికి రావాలి, సగంలో ఆగితే ఒప్పుకోకండి. గాలిలో గుద్దేటప్పుడు మోచెయ్యి చటుక్కున పూర్తిగా చాపనివ్వకండి, వెనక కీలు నొప్పెడుతుంది. నెమ్మదిగా పది, మధ్యరకంగా పది, వేగంగా పది. రూపం చెడితే ఆరో లెక్క దగ్గరైనా ఆపేయండి. చిన్నపిల్లలతో పిడికిళ్ల మీద పుషప్స్ అసలు వద్దు, ఎముకలు ఇంకా పెరిగే వయసది.

ఒక రౌండులో ఒకే తప్పు దిద్దండి. మూడు చెప్తే మూడూ గాలికి పోతాయి. లెక్క మాత్రం ఇచి, ని, సాన్ అనే సాగనివ్వండి. తెలుగు, కన్నడ, తమిళం, హిందీ పిల్లలు కలిసే క్లాసులో జపాను అంకెలు అందరికీ సమానంగా కొత్త, ఆ మేలు వేరే లెక్కలో లేదు.

అగె ఉకె నుదుటికి పిడికెడు దూరంలో, గెదాన్ బరాయ్ మోకాలికి జానెడు పైన ఆగితే చాలు, తక్కినవి తర్వాత. మయె గెరీ (ముందుకు తన్నడం) గోడ పట్టుకునే నేర్పండి: మోకాలు ఎత్తు, విసురు, వెనక్కి లాక్కో, దించు. వేళ్లు పైకి మడవకపోతే తగిలేది వేళ్ల కొసలే.

ఇంటికి పని ఒక్కటే ఇవ్వండి: హాల్లో రోజూ ఇరవై అడుగులు. పాదం నేలను రాసుకుంటూ జారితే చప్పుడు రాదు. కింది ఫ్లాటువాళ్లు తలుపు తట్టారంటే అడుగు ఎత్తి దబ్బున వేస్తున్నట్టే, మర్నాడు మళ్లీ సుద్దగీతల దగ్గరనుంచి మొదలుపెట్టించండి.