పరుగులో పడిపోయిన పిల్లాడికి ముందు నీళ్లు పట్టకండి

గ్రౌండ్‌లో పరిగెత్తుతూ విద్యార్థి కుప్పకూలాడన్న వార్త మళ్లీ వచ్చింది. ఇలాంటి వార్తల్లో తరచూ కనిపించే వాక్యం ఒకటుంది: ‘పొద్దున ఏమీ తినకుండా వచ్చాడేమో అనుకున్నాం.’ పీఈటీ సార్లూ, మేడమ్‌లూ, ఈ సీజన్‌లో మన నోటి నుంచి రాకూడని మాట అదే.

బడులు తెరిచారు. రెండు నెలల్లో ఆగస్టు 15 కవాతు, ఆ ముందూ వెనకా ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) సెలక్షన్లు. పిల్లలేమో వేసవంతా ఫోన్ పట్టుకుని కూర్చున్నవాళ్లు. టోపీ, వాటర్ బాటిల్ సంగతి అందరికీ తెలుసు, దాన్ని వదిలేద్దాం.

అసెంబ్లీలో నిలబడి పడిపోవడం వేరు, పరిగెత్తుతూ పడిపోవడం వేరు. ప్రార్థనలోనో కవాతులోనో చాలాసేపు కదలకుండా నిలబడ్డ పిల్ల ముఖం ముందు తెల్లగా పాలిపోతుంది, చెమటలు పడతాయి, కళ్లు తిరుగుతున్నాయంటుంది, మెల్లగా జారిపోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు అడుగెత్తు లేపితే నిమిషంలోపే తేరుకుంటుంది. పరుగు మధ్యలో చేతులు కూడా అడ్డం పెట్టకుండా నేలకు కొట్టుకున్నవాడి విషయంలో అలా అనుకోవద్దు. తేలేదాకా అది గుండె ఆగిపోవడమే అనుకుని కదలండి. క్రికెట్ బంతి ఛాతీకి తగిలి పడిపోయినా అంతే.

భుజాలు తట్టి పేరు పెట్టి గట్టిగా పిలవండి. పలకకపోతే ఊపిరికి ఛాతీ లేస్తోందా చూడండి. పది సెకన్లు చాలు, అంతకు మించి చూడొద్దు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. గుండె ఆగిన మనిషి మొదటి నిమిషాల్లో ఒక్కోసారి నోరు తెరిచి ఆగి ఆగి ఎగశ్వాస తీస్తాడు, ఒళ్లు ఒకటి రెండుసార్లు ఎగరేస్తాడు. ‘ఊపిరి ఉంది’ అని ఒకరు, ‘ఫిట్స్’ అని ఇంకొకరు అంటారు. తాళంచెవుల గుత్తి తెచ్చి చేతిలో పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు. నిజంగా ఫిట్సే అయినా తాళంచెవులతో పనేమీ లేదు. నిమిషాలు మాత్రం పోతాయి. సీపీఆర్ (ఛాతీ నొక్కి రక్తం ఆడించడం) లేకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది.

పలకడం లేదు, మామూలుగా ఊపిరి తీయడం లేదు అంటే 108కి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టి, అరచేతి మడమను రొమ్ము ఎముక కింది సగం మీద ఆనించి నొక్కడం మొదలుపెట్టండి. లోతు 5 సెంటీమీటర్లు, చిన్న పిల్లలకు ఛాతీ మందంలో మూడో వంతు. వేగం నిమిషానికి 100 నుంచి 120. ప్రతి నొక్కుకూ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. శిక్షణ తీసుకున్నవాళ్లయితే 30 నొక్కులకు 2 ఊపిర్లు. తీసుకోనివాళ్లు నొక్కుతూనే ఉండండి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, అలసిన చేతులు లోతుగా నొక్కలేవు. పక్కటెముక విరుగుతుందేమోనని భయపడొద్దు, ఎముక అతుక్కుంటుంది.

ఈలోగా ఇంకొకరు ఏఈడీ (ఆగిన గుండెకు షాక్ ఇచ్చే యంత్రం) కోసం పరుగెత్తాలి. చాలా బడుల్లో అది ఉండదు. దగ్గర్లో ఏ క్లినిక్‌లో, ఏ గేటెడ్ కమ్యూనిటీలో ఉందో ఈ వారమే కనుక్కోండి. వాచ్‌మన్ గేటు తీసి రోడ్డు మీద నిలబడాలి. మన గల్లీల్లో అంబులెన్సు బడి పేరు వెతుక్కుంటూ తిరగడం మామూలే, కాబట్టి అడ్రసు, ల్యాండ్‌మార్కు రాసి స్టాఫ్‌రూం ఫోన్ పక్కన అంటించండి. తల్లిదండ్రులకు ఫోన్ చేయాల్సిందే, కానీ వాళ్లొచ్చేదాకా ఆగకూడదు.

స్పృహ లేనివాడి నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. గ్లూకోజూ అంతే.

పరుగులో పడి వాడంతట వాడే లేచి ‘ఏం కాలేదు సార్’ అన్నా సరే, ‘తినలేదేమో’ అని బిస్కెట్ ఇచ్చి మళ్లీ లైన్లో నిలబెట్టొద్దు. ఈసీజీ, ఎకో తీయించి డాక్టరు కాగితం మీద రాసిచ్చేదాకా గ్రౌండ్ బంద్.

ముందే పట్టుకోవాలంటే సెలక్షన్లకు ముందు ప్రతి ఇంటికీ మూడు ప్రశ్నలు పంపండి. పరిగెత్తేటప్పుడు ఎప్పుడైనా స్పృహ తప్పిందా, ఛాతీ నొప్పి వచ్చిందా? దగ్గరి బంధువుల్లో 50 ఏళ్లలోపు ఎవరైనా హఠాత్తుగా చనిపోయారా? గుండె జబ్బుకో, ఆయాసానికో, ఫిట్స్‌కో మందులు వాడుతున్నారా? ఒక్కదానికి ‘అవును’ అన్నా డాక్టరు దగ్గరికి పంపాకే పరుగు. సర్కారు బడులకు 2013లో మొదలైన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) కింద వైద్య బృందం వస్తుంది. పుట్టుకతో వచ్చే గుండె జబ్బులు, రుమాటిక్ గుండె జబ్బు వాళ్ల జాబితాలో ఉన్నాయి. ఆ రోజు జట్టు పిల్లలెవరూ గైర్హాజరు కాకుండా చూడండి. అయినా స్టెతస్కోపుకు దొరకని జబ్బులుంటాయి, అందుకే ఈ ప్రశ్నలు.

ఇక ఎండ. వడదెబ్బకు చెమట ఆగిపోతుందని చదువుకున్నాం. పరిగెత్తడంతో వచ్చే వడదెబ్బలో ఒళ్లంతా చెమట కారుతూనే ఉండొచ్చు. గుర్తు పట్టాల్సింది ప్రవర్తనను: తూలడం, పొంతన లేని మాటలు, ఉన్నట్టుండి కోపం. శరీరం లోపలి వేడి 40 డిగ్రీలు దాటితే అరగంటలోపు దించాలి. కాబట్టి ముందు చల్లబరచడం, తర్వాత ఆస్పత్రి. నీడలోకి తెచ్చి బట్టలు వదులు చేసి, ఐసు కలిపిన నీళ్ల టబ్బులో మెడదాకా ముంచి, తల పైకి పట్టుకోండి. టబ్బు లేకపోతే ఐసునీళ్లలో ముంచిన దుప్పట్లు కప్పుతూ, మారుస్తూ, ఫ్యాన్ పెట్టండి. పారాసెటమాల్ దీనికి పనిచేయదు.

బడి తెరిచాక మొదటి రెండు వారాలు పిల్లలకు తేలిక కసరత్తే. అద్దెకు తీసుకునే టర్ఫ్ (ప్లాస్టిక్ గడ్డి మైదానం) మట్టి నేలకన్నా చాలా వేడెక్కుతుంది, మధ్యాహ్నం స్లాటు చవకని బుక్ చేయొద్దు.

ఓఆర్ఎస్ అంటే లీటరు నీళ్లలో 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తం. సగం ప్యాకెట్ సగం బాటిల్‌లో కళ్లతో కొలవొద్దు. పేరులో ఓఆర్ఎస్ పెట్టుకున్న తియ్యటి డబ్బాలు ఓఆర్ఎస్ కావు. వాటి మీద మన హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్లపాటు పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడకూడదంది.

ఆయాసం ఉన్న పిల్లల ఇన్‌హేలర్ క్లాసులో బ్యాగులో ఉంటే లేనట్టే. గ్రౌండ్‌కు రావాలి.

జ్వరం తగ్గిన మర్నాడే పరుగు వద్దు. వైరల్ జ్వరం ఒక్కోసారి గుండె కండరాన్ని వాచేలా చేస్తుంది.

శిక్షగా రౌండ్లు కొట్టించొద్దు, గుంజీళ్లు తీయించొద్దు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షను నిషేధించింది. అతిగా గుంజీళ్లు తీస్తే కండరాలు కరిగి కిడ్నీల మీద పడతాయి. మూత్రం కోలా రంగులో వస్తే అదే రోజు ఆస్పత్రి.

గోల్‌పోస్టు నేలకు బిగించి ఉందో లేదో ఊపి చూడండి. బిగించనిదాన్ని తాళ్లతో గోడకు కట్టండి. ఎవరినీ వేలాడనివ్వొద్దు.

ఉరుము వినపడితే లోపలికి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. చెట్టు కింద నిలబెట్టొద్దు.

సంపు మూతకు తాళం.

గ్రౌండ్‌లో పిల్లలు ఉండగా పీఈటీని ఆఫీసు పనికి పిలవొద్దు, హెచ్ఎం గారూ.

పెద్దవాళ్లు ఇద్దరు లేకుండా పరుగు పందెం పెట్టొద్దు. ఒకరు నొక్కాలి, ఒకరు ఫోన్ చేయాలి.

పడిపోయాడా? పరుగులోనా? ‘తినలేదేమో’ అనొద్దు. ఛాతీ చూడండి.