లాసిక్స్ ఇంజెక్షన్ వేయించే ముందు

కాళ్ల వాపు, ఆయాసంతో ఉన్న పెద్దవాళ్లకు ఇంటి దగ్గరే నర్సు చేత లాసిక్స్ (ఒంట్లో ఎక్కువైన నీటిని మూత్రంగా బయటికి పంపే మందు) వేయిస్తుంటే:

– ముందు బీపీ చూడాలి. అది బాగా తగ్గినా, వాంతులు విరేచనాలు అవుతున్నా డాక్టర్‌ను అడగందే వేయించొద్దు. ఒంట్లో మిగిలిన నీరూ పోయి మనిషి కుప్పకూలతాడు, కిడ్నీలూ దెబ్బతింటాయి.

– నరానికి మెల్లగా ఎక్కించాలి. పెద్ద డోసైతే నిమిషానికి 4 మిల్లీగ్రాములు దాటకూడదు. తొందరపడితే చెవుల్లో హోరు, ఒక్కోసారి చెవుడు. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు కూడా నడుస్తుంటే ముప్పు ఇంకా ఎక్కువ.

– డిగాక్సిన్ అనే గుండె మందు వాడేవాళ్లకు పొటాషియం రిపోర్టు తప్పనిసరి. లాసిక్స్‌తో పొటాషియం తగ్గితే గుండె లయ తప్పుతుంది.

– ఆంప్యూల్‌లో మందు పసుపు రంగుకు తిరిగిందా? పారేయండి.

– ప్రోస్టేట్ వాపు ఉంటే ముందే చెప్పండి, మూత్రం బిగబట్టేయొచ్చు.

– అత్యవసరమైతే తప్ప రాత్రిపూట వద్దు. అయిదు నిమిషాల్లోనే పని మొదలుపెట్టి రెండు గంటలు తిప్పుతుంది. చీకట్లో బాత్రూమ్‌కు పరిగెత్తి జారిపడితే అదో టెన్షన్.