దేశాల పని వయసు జనాభాను ఇంటి లెక్కతో పోల్చడం ఎలా?

నేను ఇంటర్ పిల్లలకు అర్థశాస్త్రం చెబుతాను. పని వయసు జనాభా పాఠం వచ్చినప్పుడల్లా పుస్తకం మూయించి, ముందు ఎవరింటి లెక్క వాళ్లను వేయమంటాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి.

15 నుంచి 64 ఏళ్ల వారిని ఒక పక్క రాయండి. 15 నిండని పిల్లలు, 65 నిండిన పెద్దలు ఇంకో పక్క. రెండో సంఖ్యను మొదటిదానితో భాగించి నూరుతో గుణించండి. పని వయసులో ఉన్న వంద మంది మీద ఎందరు పిల్లలు, వృద్ధులు ఉన్నారో అదే చెబుతుంది; అంకె తక్కువైతే భారం తక్కువ. మా ఇంట్లో అత్తగారు, మామగారు, పదమూడేళ్ల చిన్నవాడు ఒక పక్క. నేను, మావారు, డిగ్రీ చదివే పెద్దవాడు మరో పక్క. ముగ్గురికి ముగ్గురు, అంటే 100. పెద్దవాడు రూపాయి తేడు, పెట్రోలు డబ్బులు మాత్రం అడుగుతాడు. అయినా పని వయసు ఖాతాలో పడ్డాడు. ఈ మెలిక గుర్తుంచుకోండి.

ఇప్పుడు దేశాలు. జపాన్‌లో వంద మందిలో సుమారు 29 మంది వృద్ధులు, 11 మంది పిల్లలు. మిగిలిన 60 మంది మీద 40 మంది: 67. మన దేశంలో 68 మంది మీద 32 మంది: 47. ఆఫ్రికాలోని నైజర్‌లో దాదాపు సగం మంది 15 నిండనివాళ్లే, అక్కడి లెక్క మా ఇంటిలాగే 100 దగ్గర ఉంటుంది. కానీ మా ఇంటి డబ్బు మందుల షాపుకు పోతుంది, వాళ్లది బడులకూ టీకాలకూ పోవాలి. అందుకే పిల్లలనూ వృద్ధులనూ విడదీయకుండా పోల్చకండి.

ఒక్క ఏడాది అంకెతో ఆగకండి. జపాన్‌లో పని వయసు వారు 1995 ప్రాంతంలో 8.7 కోట్లు, ఇప్పుడు 7.5 కోట్ల లోపే. వృద్ధుల సంరక్షణకు కూడా మనుషులు చాలక 2019లో విదేశీ కార్మికులకు కొత్త రకం వీసా తెచ్చారు. ఇక మా పెద్దవాడి మెలిక: ఆ వయసులో ఉన్నవారిలో పనిచేస్తున్నదెందరు? జపాన్‌లో ఆ వయసు ఆడవాళ్లలో పదికి ఏడుగురు ఉద్యోగాల్లో ఉన్నారు. మన దగ్గర అంతమంది లేరు. 47 అని మురిసిపోయేముందు ఇది చూడాలి.

పట్టిక తలకట్టు కూడా చదవండి. మన ప్రభుత్వ లెక్కల్లో చాలాచోట్ల హద్దు 59 ఏళ్లే. 64 హద్దుతో ఉన్న పట్టికను దాని పక్కన పెడితే పోలిక చెడుతుంది.

నేను తప్పుచేసింది ఖతార్ దగ్గర. అక్కడ వందకు 80 మందికి పైగా పని వయసు వారే కదా అని బోర్డు మీద మొదటి స్థానం ఇచ్చాను. జగిత్యాల నుంచి వచ్చిన అమ్మాయి లేచి, "మేడం, మా నాన్న దోహాలో ఉన్నాడు. ఆయన ఏ దేశం లెక్క?" అంది. ఖతార్ లెక్కే. కానీ ఆయన పుట్టి పెరిగిన ఖర్చు ఇక్కడిది, ఒళ్లు అలిసిపోయాక తిరిగొచ్చేదీ ఇక్కడికే. అప్పటి నుంచి గల్ఫ్ దేశాలకు పౌరుల లెక్క, వలస కార్మికుల లెక్క విడివిడిగా దొరికితేనే పట్టికలో చోటిస్తున్నాను.