జావా వచ్చినవాళ్ళకు పీహెచ్‌పీలో ఎదురయ్యే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో సీ, జావాలతో ప్రోగ్రామింగ్ మొదలుపెట్టినవాళ్ళకు, లాడ్జి బుకింగ్ పేజీయో మామిడి మండీ లెక్కల సైటో చేయాల్సి వచ్చినప్పుడు సర్వర్లో నడిచి వెబ్ పేజీలు తయారుచేసే పీహెచ్‌పీ భాష తగులుతుంది. సింటాక్స్‌కు పెద్దగా సమయం పట్టదు. తిప్పలు పెట్టేవి జావా నుంచి వెంట తెచ్చుకున్న అలవాట్లే. ఇక్కడ చెప్పేవన్నీ పీహెచ్‌పీ 8కి సరిపోతాయి.

కోడ్ నడవకుండా అక్షరాలుగా కనిపిస్తోంది

అడ్రస్ బార్ చూడండి. అది ఫైల్ అన్న మాటతో మొదలైతే మీరు ఫైలును డబుల్ క్లిక్ చేసి తెరిచారన్నమాట. పీహెచ్‌పీ నడిచేది సర్వర్లో, బ్రౌజర్లో కాదు. ఫైలును జాంప్ (XAMPP, అపాచీ వెబ్ సర్వర్‌నూ పీహెచ్‌పీనీ కలిపి ఇచ్చే ప్యాకేజీ)లోని హెచ్‌టీడాక్స్ ఫోల్డర్లో పెట్టి, లోకల్‌హోస్ట్ ద్వారా తెరవండి. అపాచీ స్టార్ట్ కాకపోతే సాధారణంగా 80వ పోర్టును వేరే ప్రోగ్రామ్ పట్టుకుని ఉంటుంది. అపాచీ కాన్ఫిగ్ ఫైలులో లిజన్ 80 అన్న చోట 8080 రాసి, అడ్రస్‌లో కూడా లోకల్‌హోస్ట్ తర్వాత :8080 చేర్చండి.

పేజీ తెల్లగా వస్తోంది, ఒక్క ఎర్రర్ కూడా లేదు

కొత్తవాళ్ళ సమయం ఎక్కువగా తినేది ఇదే. జావాలో తప్పును కంపైలర్ ముందే పట్టుకుంటుంది. పీహెచ్‌పీలో పేజీ అడిగినప్పుడే ఫైలు కంపైల్ అవుతుంది. ఎర్రర్లను తెరమీద చూపించే సెట్టింగ్ డిస్‌ప్లే_ఎర్రర్స్ ఆఫ్‌లో ఉంటే తప్పు జరిగినా తెరమీదికి రాదు.

చాలామంది ఫైలు మొదట్లో ఐఎన్‌ఐ_సెట్‌తో దాన్ని ఆన్ చేస్తారు, అయినా తెల్ల పేజీయే వస్తుంది. అదే ఫైలులో సెమీకోలన్ ఒకటి తప్పిపోయి ఉంటే ఫైలు కంపైలే కాదు, ఇక ఆ లైను నడిచే అవకాశమే లేదు. అందుకే మార్పు పీహెచ్‌పీ సెట్టింగుల ఫైలైన పీహెచ్‌పీ.ఐఎన్‌ఐలో చేయాలి. జాంప్ కంట్రోల్ ప్యానెల్‌లో అపాచీ వరసలోని కాన్ఫిగ్ బటన్ నొక్కితే ఆ ఫైలు దొరుకుతుంది. డిస్‌ప్లే_ఎర్రర్స్‌ను ఆన్ చేసి, ఎర్రర్_రిపోర్టింగ్‌కు ఈ_ఆల్ ఇచ్చి, అపాచీని ఆపి మళ్ళీ స్టార్ట్ చేయండి. రీస్టార్ట్ చేయకపోతే మార్పు అమల్లోకి రాదు.

అయినా మారలేదంటే మీరు దిద్దింది వేరే ఐఎన్‌ఐ ఫైలు కావచ్చు. పీహెచ్‌పీఇన్ఫో ఫంక్షన్ చూపించే పేజీలో లోడెడ్ కాన్ఫిగరేషన్ ఫైల్ అన్న వరసలో ఏ దారి ఉందో అదే అసలు ఫైలు. జనం వాడే సర్వర్లో మాత్రం డిస్‌ప్లే ఆఫ్‌లోనే ఉంచి, ఎర్రర్లను లాగ్‌లోకి పంపండి. డేటాబేస్ వివరాలు తెరమీద పడకూడదు.

స్టాటిక్ వేరియబుల్‌లో పెట్టిన లెక్క ఎప్పుడూ 1 దగ్గరే ఆగుతోంది

ఇది అర్థమైతే పీహెచ్‌పీ సగం వచ్చినట్టే. జావా సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్టులకు జవాబిచ్చే జావా క్లాసు) ఒకసారి లోడైతే మెమరీలోనే కూర్చుంటుంది, స్టాటిక్ విలువ రిక్వెస్టు నుంచి రిక్వెస్టుకు నిలుస్తుంది. పీహెచ్‌పీలో ప్రతి రిక్వెస్టూ కొత్తగా మొదలై, పేజీ పంపగానే వేరియబుళ్ళన్నీ చెరిగిపోతాయి. ఒకే ఒక్క ఆబ్జెక్టు ఉండే సింగిల్టన్ క్లాస్ రాసినా అంతే, దాని ఆయుష్షు ఒక్క పేజీ.

ఒక మనిషికి సంబంధించిన విలువైతే సెషన్‌లో (ఒక్కో వాడుకరికి సర్వర్ విడిగా దాచే డేటాలో) పెట్టండి, అందరికీ ఉమ్మడిదైతే డేటాబేస్‌లో. సెషన్ వాడే ప్రతి పేజీలోనూ సెషన్_స్టార్ట్ పిలవాలి, లాగిన్ పేజీలో ఒక్కసారి పిలిస్తే చాలదు. సెషన్ డేటాకు డిఫాల్ట్ గడువు 1440 సెకన్లు, అంటే 24 నిమిషాలు. యాత్రికుడు బుకింగ్ ఫారం సగంలో వదిలి అరగంట తర్వాత వస్తే వివరాలు పోయి ఉండొచ్చు.

హెడర్లు ఇప్పటికే పంపేశాం అన్న వార్నింగ్

హెడర్లంటే పేజీకంటే ముందు బ్రౌజర్‌కు వెళ్ళాల్సిన సమాచారం. రీడైరెక్ట్ గాని, సెషన్_స్టార్ట్ గాని పిలిచేలోపే ఏదో ఒక అక్షరం బ్రౌజర్‌కు వెళ్ళిపోయింది. ఆ అవుట్‌పుట్ ఏ ఫైలులో ఏ లైను దగ్గర మొదలైందో వార్నింగే చెబుతుంది, ముందు అక్కడికి వెళ్ళండి. లైను 1 అయితే ఫైలు మొదట్లో ఖాళీ ఉందేమో, లేదా ఎడిటర్ కంటికి కనపడని బామ్ గుర్తు చేర్చిందేమో చూడండి. బామ్ లేని యూటీఎఫ్-8గా మళ్ళీ సేవ్ చేస్తే పోతుంది. చివరి లైను అయితే ?> తర్వాత ఖాళీ లైన్లు ఉంటాయి. పూర్తిగా పీహెచ్‌పీ ఉన్న ఫైలులో ఆ ముగింపు గుర్తే పెట్టకండి.

ఇంట్లో బాగా నడిచి హోస్టింగ్‌లోనే ఈ వార్నింగ్ వస్తుంటే కారణం సాధారణంగా అవుట్‌పుట్_బఫరింగ్, అంటే అవుట్‌పుట్‌ను వెంటనే పంపకుండా ఆపి ఉంచే సెట్టింగ్. ఇంటి కంప్యూటర్ ఐఎన్‌ఐలో దానికి 4096 ఇచ్చి ఉంటే మొదటి 4096 బైట్లు ఆగి ఉంటాయి కాబట్టి తప్పు దాగిపోతుంది. రీడైరెక్ట్ తర్వాతి లైనులో ఎగ్జిట్ తప్పకుండా రాయండి, లేకపోతే కింది కోడ్ నడుస్తూనే ఉంటుంది.

వేరువేరు గదులు ఒకటే అని చెబుతోంది

జావాలో స్ట్రింగులను == తో పోల్చొద్దని నేర్పుతారు, అక్కడ అది రిఫరెన్సులను పోలుస్తుంది. పీహెచ్‌పీలో == విలువలనే పోలుస్తుంది గాని, రెండూ అంకెల్లా కనిపిస్తే సంఖ్యలుగా మార్చేస్తుంది. "007", "7" సమానమైపోతాయి. లాడ్జిలో E బ్లాకు గదికి "1E2" అని పేరుంటే అది "100"తో సమానం, ఎందుకంటే 1E2 అంటే ఒకటి పక్కన రెండు సున్నాలు. ఎప్పుడూ అలా మార్చకుండా పోల్చే === వాడండి.

వెతుకులాటలోనూ ఇదే గొయ్యి. "తిరుపతి"లో "తిరు"ను స్ట్ర్‌పాస్‌తో వెతికితే మొదట్లోనే దొరికి 0 వస్తుంది. ఇఫ్ దాన్ని లేదు అనుకుంటుంది. పీహెచ్‌పీ 8లో స్ట్ర్_కంటెయిన్స్ వాడితే ఈ బాధ లేదు.

భాగహారం కూడా గమనించండి. 7ను 2తో భాగిస్తే జావాలో 3, ఇక్కడ 3.5. పూర్ణాంకం కావాలంటే ఇంట్‌డివ్ వాడాలి.

జాబితాలో చివరిది మాయమై, దాని ముందుది రెండుసార్లు వస్తోంది

కాట్పాడి లైను స్టేషన్లు తిరుపతి, చంద్రగిరి, పాకాల, చిత్తూరు ఒక అర్రేలో ఉన్నాయి. పేర్లలోని ఖాళీలు తీయడానికి, అర్రేలోని విలువనే నేరుగా మార్చనిచ్చే & పెట్టి ఒక ఫర్‌ఈచ్ రాశారు. తర్వాత అదే వేరియబుల్ పేరుతో, & లేకుండా ఇంకో ఫర్‌ఈచ్‌తో ప్రింట్ చేస్తే చిత్తూరు పోయి పాకాల రెండుసార్లు వస్తుంది.

జావాలో లూప్ వేరియబుల్ లూప్‌తోనే పోతుంది. పీహెచ్‌పీలో మిగులుతుంది, పైగా అర్రేలోని చివరి గడికి కట్టుబడే ఉంటుంది. రెండో లూప్ ఒక్కో పేరునూ ఆ గడిలోనే రాస్తూ పోతుంది. చివరి వంతు వచ్చేసరికి అందులో ఉండేది పాకాల. మొదటి లూప్ అయిన వెంటనే ఆ వేరియబుల్‌ను అన్‌సెట్ చేయండి. అసలు & లేకుండా అర్రే_మ్యాప్‌తో చేయడం ఇంకా మంచిది.

తెలుగు పేర్లు తెగిపోతున్నాయి

స్ట్ర్‌లెన్ బైట్లను లెక్కపెడుతుంది. యూటీఎఫ్-8లో తెలుగులోని ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ 3 బైట్లు. "తిరుపతి"కి స్ట్ర్‌లెన్ 21 అంటుంది, ఎంబీ_స్ట్ర్‌లెన్ 7 అంటుంది, గ్రాఫీమ్_స్ట్ర్‌లెన్ మనం చదివినట్టే 4 అంటుంది. సబ్‌స్ట్ర్‌తో 10 బైట్లకు కత్తిరిస్తే మూడు గుర్తులు, నాలుగోదాంట్లో ఒక ముక్క మిగులుతాయి. అలాంటి పేరును జేసన్_ఎన్‌కోడ్‌కు ఇస్తే ఫాల్స్ వస్తుంది, మొబైల్ యాప్‌కు ఖాళీ జవాబు వెళ్తుంది. ఎంబీ_సబ్‌స్ట్ర్‌తో మూడింటికి కోసినా "తిర" అని కొమ్ము ఊడుతుంది. గ్రాఫీమ్_సబ్‌స్ట్ర్‌తో రెండింటికి కోస్తే "తిరు" వస్తుంది. దానికి ఐఎన్‌ఐలో ఇంటల్ ఎక్స్‌టెన్షన్ ఆన్‌లో ఉండాలి.

పేర్లకు బదులు ప్రశ్నార్థకాలు కనిపిస్తే డేటాబేస్ కనెక్షన్ చూడండి. పీడీఓ (డేటాబేస్‌తో మాట్లాడే పీహెచ్‌పీ భాగం) కనెక్షన్ స్ట్రింగులో క్యారెక్టర్ సెట్‌ను యూటీఎఫ్8ఎంబీ4 అని ఇవ్వాలి, టేబుల్ కూడా అదే అయి ఉండాలి. ఇప్పటికే ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిన పేర్లు తిరిగి రావు, మళ్ళీ టైపు చేయాల్సిందే.

టైము తేడాగా ఉంది

తెల్లవారుజామున 4:00 గంటల బుకింగ్ ముందురోజు రాత్రి 10:30గా పడితే సర్వర్ యూటీసీలో ఉంది. డేట్.టైమ్‌జోన్‌కు ఏషియా/కోల్‌కతా ఇవ్వండి. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో ఇప్పటి టైము ఇచ్చే నౌ ఫంక్షన్ మాత్రం సొంత టైమ్‌జోన్ చూసుకుంటుంది, దాన్ని విడిగా సరిచేయాలి.

ఇంట్లో నడిచింది, సర్వర్లో ఫైలు లేదంటోంది

విండోస్ ఫైలు పేర్లలో పెద్ద చిన్న అక్షరాల తేడా పట్టించుకోదు, లినక్స్ పట్టించుకుంటుంది. క్లాసు ఫైళ్ళు తప్ప మిగతా ఫైళ్ళన్నింటికీ చిన్నక్షరాల పేర్లే పెట్టండి. క్లాసులను ఆటోలోడ్ చేస్తుంటే (అవసరమైనప్పుడు వాటంతట అవే లోడయ్యేలా పెడితే) క్లాసు పేరు, ఫైలు పేరు అక్షరం అక్షరం కలవాలి. రిక్వైర్‌లో దారి రాసేటప్పుడు ముందు ఆ ఫైలున్న ఫోల్డర్‌ను సూచించే __డీఐఆర్__ పెడితే, ఏ ఫోల్డర్ నుంచి పిలిచినా ఫైలు దొరుకుతుంది.