బ్యాకప్ పాఠాలు – 6: అప్‌గ్రేడ్ చేశాక సర్వీసు లేవకపోతే

చీమకుర్తిలో ఒక గ్రానైట్ ఆఫీసు అనుకుందాం. విండోస్ కంప్యూటర్‌లో ట్యాలీ లెక్కలు, రోజూ రాత్రి ఎక్స్‌టర్నల్ డిస్కులోకి బ్యాకప్. నిన్న బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేశారు. ఇవాళ తెరిస్తే సర్వీసు, అంటే తెర వెనక నడుస్తూ బ్యాకప్ పని చూసే ప్రోగ్రాం, అందడం లేదంటోంది.

వెంటనే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి. ఏ ఫైలు ఏ రోజు బ్యాకప్‌లో ఉందో రాసుకునే క్యాటలాగ్ చాలా సాఫ్ట్‌వేర్లలో ఒక డేటాబేసు. తీసేసేటప్పుడు పొరపాటున ఒక్క టిక్కు పడితే అదీ పోతుంది. పొగాకు వేలం కేంద్రంలో బేళ్లుండి రిజిస్టరు పోతే ఎలా ఉంటుందో అలా. ముందు సర్వీసులు ఆపి, క్యాటలాగ్ ఫోల్డరు వేరే డ్రైవులోకి కాపీ చేసుకోండి. అప్‌గ్రేడ్‌కు ముందు తీసిన కాపీ ఉంటే దాని జోలికి పోవద్దు. కొత్త వెర్షన్ మార్చేసిన క్యాటలాగ్‌ను పాత వెర్షన్ సాధారణంగా తెరవదు. వెనక్కి వెళ్లాల్సి వస్తే ఆ పాత కాపీయే దిక్కు.

ఇప్పుడు విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి 'సర్వీసెస్ డాట్ ఎంఎస్‌సి' (services.msc) అని టైపు చేసి తెరవండి. బ్యాకప్ సర్వీసు మీద రైట్ క్లిక్, స్టార్ట్. వచ్చిన ఎర్రర్ నంబరు కాగితం మీద రాసుకోండి.

1068 వస్తే ఇది ఆధారపడిన సర్వీసు, ఎక్కువగా డేటాబేసుది, లేవలేదు. ముందు దాన్ని లేపండి. నంబరు 2 అంటే ఫైలే లేదు. యాంటీవైరస్ కొత్త ఫైలును అనుమానించి క్వారంటైన్‌లో, అంటే విడిగా, పెట్టిందేమో చూడండి.

1069 అంటే లాగాన్ కుదరలేదు. ఇందులో అప్‌గ్రేడ్ తప్పు చాలాసార్లు ఉండదు. విండోస్ పాస్‌వర్డ్ ఎప్పుడో మార్చి ఉంటారు. సర్వీసు మాత్రం అంతకుముందు నుంచీ ఆగకుండా నడుస్తూ ఉంటుంది. అప్‌గ్రేడ్ దాన్ని ఆపి మళ్లీ లేపబోయేసరికి గుట్టు బయటపడింది. ప్రాపర్టీస్‌లో లాగ్ ఆన్ ట్యాబ్‌కి వెళ్లి కొత్త పాస్‌వర్డ్ ఇవ్వండి. పిన్ ఇస్తే పనిచేయదు. లోకల్ సిస్టమ్‌కి మారిస్తే సర్వీసు లేస్తుంది గానీ, బ్యాకప్ నెట్‌వర్క్ ఫోల్డరులోకి వెళ్లేదైతే అక్కడ అనుమతి దొరక్క రాత్రికి ఆగిపోతుంది.

అసలు తిప్పలు 1053తో. సర్వీసు 30 సెకన్లలో జవాబివ్వకపోతే విండోస్ ఈ నంబరు చూపిస్తుంది. మొదటిసారి లేచేటప్పుడు పాత క్యాటలాగ్‌ను మార్చుకుంటుంటే ఆ టైము చాలకపోవచ్చు. టాస్క్ మేనేజర్‌లో ఆ ప్రోగ్రాం డిస్కును ఇంకా వాడుతుంటే కదిలించకండి. మధ్యలో కరెంటు పోతే క్యాటలాగ్ సగంలో ఆగుతుంది, యూపీఎస్ తప్పనిసరి. సి డ్రైవులో కనీసం క్యాటలాగ్ సైజుకు రెట్టింపు ఖాళీ ఉంచండి.

డిస్కు ఊరికే ఉండి కూడా 1053 వస్తుంటే, విండోస్ రాసుకున్న ఎర్రర్లు చూపే ఈవెంట్ వ్యూయర్ తెరవండి. సిస్టమ్ లాగ్‌లో 7000, 7009 కనిపిస్తాయి, కానీ అవి ఫలితాలే. అదే నిమిషానికి అప్లికేషన్ లాగ్‌లో ఏముందో చూడండి. కొత్తవి పైన ఉంటాయి గనక కింది నుంచి పైకి చదవాలి. ప్రోగ్రాం నడవడానికి కావలసిన మైక్రోసాఫ్ట్ డాట్ నెట్ పాతదన్నా, డేటాబేసు తెరుచుకోలేదన్నా అక్కడే తెలుస్తుంది.

గడువు పెంచడం ఆఖరి మార్గం. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో (regedit) HKEY_LOCAL_MACHINE\SYSTEM\CurrentControlSet కింద కంట్రోల్ కీలో 'సర్వీసెస్ పైప్ టైమవుట్' (ServicesPipeTimeout) అనే డీవర్డ్ (DWORD) విలువ పెట్టి, మిల్లీసెకన్లలో 60000 ఇస్తే ఒక నిమిషం. డెసిమల్ ఎంచుకోవడం మరిచిపోకండి. హెక్సాడెసిమల్‌లో ఉండిపోతే అదే అంకె ఆరున్నర నిమిషాలవుతుంది. రీస్టార్ట్ చేశాకే ఇది అమల్లోకి వస్తుంది.

సర్వీసు లేచాక నిన్నటి బ్యాకప్ నుంచి ఒక్క ట్యాలీ ఫోల్డరు వేరే చోటికి రీస్టోర్ చేసి, ట్యాలీలో తెరిచి చూడండి. పాతదాని మీద మాత్రం వేయకండి.

వచ్చే పాఠం: సర్వీసు నడుస్తున్నా షెడ్యూలు నడవకపోవడం.