సెకండ్ హ్యాండ్ లేత్, ఇంట్లనే వర్క్‌షాప్ – 3వ భాగం: పైసలిచ్చే ముందు ఏం చూడాలె

లేత్ అంటే ఇనుప రాడ్‌ను తిప్పుతా టూల్‌తోని చెక్కే మిషిన్. పోయిన భాగంల సైజు సంగతి చూసినం, ఇంటికి నాలుగున్నర అడుగుల బెడ్ (లేత్ కింద పొడుగ్గ ఉండే పోత ఇనుము దిమ్మ) సాలు అని. ఏడ దొరుకుతదో కూడా చెప్పిన: మిర్యాలగూడ రైస్ మిల్లుల పక్కపొంటి ఉండే వర్క్‌షాపులు, నల్గొండల బోరు మోటర్లు రిపేర్ చేసేటోళ్లు, జడ్చర్ల, షాద్‌నగర్ వైపు మూతపడ్డ చిన్న యూనిట్లు, ఇవేవీ కుదరకపోతే హైదరాబాద్ బాలానగర్ల సెకండ్ హ్యాండ్ మిషిన్లు అమ్మే షాపులు. ఇయ్యాల లేత్ ముందట నిలబడ్డంక ఏం చెయ్యాలె అన్నది చూద్దాం.

ముందుగాల ఒక్క మాట మనసుల పెట్టుకోండి. లేత్ల ఖరాబయ్యే వాటిల్ల సగానికి ఎక్కువ ఇంట్ల బాగుచేసుకునేటియే: నట్లు, బుష్‌లు, బెల్ట్, మోటర్, తుప్పు, గిబ్ (స్లైడ్ సందుల బిగిచ్చే పట్టీ) లూజు. ఇంట్ల కాని వాటిల్ల పెద్దది బెడ్ అరుగుడు. అందుకే అమ్మేటాయన రంగు గురించి, కొత్త మోటర్ గురించి ఎంత చెప్పినా మన కండ్లు మాత్రం చక్ (రాడ్‌ను పట్టి తిప్పేది) దగ్గరి జానెడు బెడ్ మీదనే ఉండాలె. రంగు ఫ్రెష్‌గ ఉంటే ఇంకా పైలం, పుట్టీ పెట్టి గ్రీన్ పెయింట్ కొడితే ఇరవై ఏండ్ల లేత్ కూడా నిన్న కొన్నట్టే కొడుతది. నన్నడిగితే నూనె, జిడ్డు, బురాద (ఇనుప పొడి) పట్టి ఇంకా నడుస్తున్న లేత్ మంచిది, ఏడ అరిగిందో అదే చెప్తది.

జేబుల పెట్టుకపోవాల్సినవి: 0.01 మి.మీ. డయల్ గేజ్ (ముల్లుతోని సన్న తేడా చూపేది), దానికి మాగ్నెటిక్ స్టాండ్, 25–50 మి.మీ. మైక్రోమీటర్, టార్చ్, కిరోసిన్ సీసా, పాత గుడ్డ, జానెడున్నర పొడుగు 40 మి.మీ. రాడ్ ముక్క. డయల్ గేజ్ లేకుంటే దోస్తుల దగ్గర అడుక్కోండి గానీ అది లేకుండ మాత్రం పోకండి.

ఇగ బెడ్. ఒక వర్క్‌షాపుల రోజూ చేసే పని చూస్తే అంతా చక్ దగ్గర్నే, చిన్న బుష్‌లు, పుల్లీలు, షాఫ్ట్ కొసలు, అందుకే క్యారేజ్ (టూల్‌ను మోసుకుంట బెడ్ మీద జరిగే భాగం) ఎప్పుడూ ఆ ముందటి అడుగులనే అటుఇటు తిరుగుతది, పోత ఇనుము బురాద నూనెతో కలిసి సాన లెక్క రాస్తా ఉంటది. టెయిల్ స్టాక్ (చక్‌కు ఎదురుగ, రాడ్ కొసను ఆనిచ్చేది) వైపు బెడ్ పెద్దగ అరగదు. ఈ తేడా పట్టుకుంటే చాలు. మొదట కిరోసిన్ గుడ్డతోని బెడ్ తుడిచి, ముందటి వీ గైడ్ (క్యారేజ్ నడిచే వీ ఆకారం పట్టా) మీద గోరుతోని అడ్డంగ గీకుతా చక్ దిక్కు నుంచి రాండి. క్యారేజ్ ఎన్నడూ ముట్టని చోటుకీ రోజూ తిరిగే చోటుకీ నడుమ మెట్టు తగులుతది. గోరుకు సన్నగ తగిలితే పర్లేదు, గోరు ఆగిపోయిందంటే ఆలోచించాల్సిందే.

తర్వాత క్యారేజ్ లాక్ బోల్ట్ పరీక్ష. అమ్మేటాయనతోని మర్యాదగనే మాట్లాడాలె, ఆయన ఎక్కువసార్లు మనకన్నా పెద్దాయన, లేత్ మీద బతికినోడు.

"కాకా, జెర క్యారేజ్‌ను చక్ దగ్గరికి తెచ్చి లాక్ కొంచెం బిగియ్యి, బరువుగ కదలాలె, ఆగొద్దు."

"బెడ్ కరెక్టున్నది తమ్మీ, నిన్ననే షాఫ్ట్ కొట్టిన."

"అవ్ కాకా, నువ్వు చెప్పినంక డౌటేముంది, ఒక్కపారి హ్యాండిల్ తిప్పుకుంట ఆ చివరిదాక తీస్కపో."

నడుమల హ్యాండిల్ బరువెక్కి చివరికి బిర్ర బిగిసిందంటే చక్ దగ్గర బెడ్ సన్నబడ్డట్టు. చివరిదాక ఒకే తీరు నడిస్తే మంచి లేత్, ఇంకా బేరం మొదలుపెట్టకండి, మొఖం మీద సంతోషం కూడా చూపియ్యకండి.

ఎంత అరిగింది అన్నది లెక్క కావాలంటే డయల్ గేజ్ పని పడుతది. చాలా లేత్లల క్యారేజ్ బయటి గైడ్ల మీద, టెయిల్ స్టాక్ లోపలి గైడ్ల మీద నడుస్తది, లోపలివి తక్కువ అరుగుతయి. స్టాండ్‌ను క్యారేజ్ మీద కూర్చోబెట్టి గేజ్ మొనను లోపలి చదును గైడ్ మీద ఆనిచ్చి టెయిల్ స్టాక్ దిక్కు నుంచి చక్ దాక మెల్లగ రాండి. ముల్లు ఎంత జరిగితే క్యారేజ్ సుమారు అంత దిగినట్టు. గేజ్ మీద ఐదు గీతలు అంటే 0.05 మి.మీ., ఇంటి పనికి దీన్ని నేను లెక్కచెయ్య. పది గీతలైతే రేటు తగ్గిచ్చుకోవాలె. ఇరవై దాటితే నమస్కారం పెట్టి చాయ్ తాగి వచ్చెయ్యండి.

ఇక్కడ కొత్తోళ్లు ఊకెనే భయపడే సంగతొకటి ఉన్నది. టూల్ సెంటర్ హైట్‌ల (రాడ్ నడుమ ఎత్తుల) ఉన్నప్పుడు నిట్టనిలువుగ కిందికి దిగితే సైజుల పెద్ద తేడా రాదు, 40 మి.మీ. రాడ్ మీద టూల్ 0.1 మి.మీ. దిగినా డయా ఒక్క మైక్రాన్ కూడా మారదు. అసలు దెబ్బ టూల్ పక్కకు జరిగినప్పుడు. ముందటి వీ అరిగితే క్యారేజ్ కిందికే కాదు, పక్కకు కూడా జరుగుతది, అది 0.05 జరిగితే డయా 0.1 మారుతది, డబుల్. అయితే మన పని ఏందో కూడా చూసుకోవాలె. 6205 బేరింగ్ సీటు (షాఫ్ట్ మీద బేరింగ్ కూర్చునే చోటు) కొట్టాలంటే 25 మి.మీ. డయా, వెడల్పు 15 మి.మీ. మాత్రమే. 150 మి.మీ. పొడుగుల 0.05 టేపర్ (ఒక కొస లావు, ఒక కొస సన్నం) వచ్చే లేత్ మీద ఆ 15 మి.మీ.ల వచ్చేది 0.005. మోటర్ షాఫ్ట్‌లు, బుష్‌లు చేసుకునేటోళ్లకు కొంచెం అరిగిన లేత్ ఏం అన్యాయం చెయ్యదు, రెండు అడుగుల రోలర్ సాపుగ కొట్టాలనుకునేటోళ్లు వేరే లేత్ చూసుకోవాలె.

కరెంటు ఉంటే మన రాడ్ ముక్కను చక్‌ల గట్టిగ పట్టిచ్చి ఓ వంద మి.మీ. బయటికి ఉంచి, టెయిల్ స్టాక్ ఆనియ్యకుండ, చక్ దగ్గర ఒక పట్టీ కొస దగ్గర ఒక పట్టీ ఒకే కట్‌ల సన్నగ కొట్టమనండి. రెండిటినీ మైక్రోమీటర్‌తోని కొలవండి. తేడా వచ్చిందని వెంటనే వద్దనకండి, ఎందుకంటే చాలా వర్క్‌షాపులల్ల లేత్‌ను ఎగుడుదిగుడు నేల మీద ఇటుక ముక్కలు పెట్టి నిలబెడతరు, బెడ్ మెలితిరిగి ఉంటది, దానికి కూడా టేపర్ వస్తది. అది ఇంట్ల లెవెల్ చేసుకుంటే పోతది, దాని గురించి ఐదో భాగంల చూద్దాం. టేపర్ వచ్చి పైన చెప్పిన లాక్ పరీక్షల కూడా బిగిసిందంటేనే బెడ్‌ను అనుమానించాలె.

స్పిండిల్ (చక్‌ను తిప్పే ఇరుసు) చూసేటప్పుడు చక్‌ల పట్టిన రాడ్ మీద గేజ్ పెట్టి ఔట్ (ఊగుడు) వస్తుందని కంగారు పడేటోళ్లు మస్తు మంది, అది ఎక్కువసార్లు చక్ జాల (రాడ్‌ను పట్టే దవడల) అరుగుడే. చక్ విప్పి స్పిండిల్ ముక్కు మీద గేజ్ పెట్టి చేత్తోని తిప్పండి, 0.01–0.02 లోపల ఉంటే బాగున్నట్టే. ఆనక చక్ బిగిచ్చి, అదే ముక్కు దగ్గర గేజ్ ఉంచి, చక్‌ల పొడుగు కట్టె పట్టిచ్చి పైకి లేపండి, ముల్లు ఎంత జంప్ అయితే బేరింగ్‌ల అంత ప్లే. గన్‌మెటల్ బేరింగైతే షిమ్ములు (సందుల పెట్టే పల్చని రేకులు) తీసి బిగిచ్చుకోవచ్చు, టేపర్ రోలర్‌దైతే వెనక నట్టు బిగియ్యాలె. తర్వాత ఓ ఇరవై నిమిషాలు నడిపిచ్చి హెడ్ స్టాక్ (స్పిండిల్ ఉండే డబ్బా) మీద చెయ్యి పెట్టండి. గోరువెచ్చగ ఉండాలె, చెయ్యి తీసేయాలనిపిస్తే దాని రేటు వేరు.

కోన్ పుల్లీ (మెట్లు మెట్లుగ ఉండే పుల్లీ) లేత్ అయితే బ్యాక్ గేర్ (స్పీడ్ తగ్గిచ్చే గేర్లు) మూత తీసి పళ్లు ఒక్కొక్కటి టార్చ్ వేసి చూడండి. చక్ ఇరుక్కుంటే కొందరు బుల్ గేర్ పిన్ (స్పిండిల్ మీది పెద్ద గేర్‌ను పుల్లీతోని కలిపేది) తియ్యకుండనే బ్యాక్ గేర్ వేసి స్పిండిల్‌ను లాక్ చేసి చక్‌ను సుత్తెతోని కొడతరు, అక్కడ పళ్లు లేస్తయి. ఇత్తడి వెల్డింగ్ పెట్టి ఫైల్ చేసిన పన్ను పసుపుపచ్చగ మెరుస్తది, రేటు తగ్గిచ్చేటందుకు అది మంచి సాకు.

క్రాస్ స్లైడ్ (టూల్‌ను అడ్డంగ జరిపేది) హ్యాండిల్ల పావు చుట్టు ఖాళీ తిరుగుతుందా? ఏం కాదు, గన్‌మెటల్ నట్టు కొత్తది చేసుకోవచ్చు, ఆరో భాగంల అదే లేత్ మీద మనమే కొడదాం. హాఫ్ నట్లు (లీడ్ స్క్రూను పట్టే రెండు ముక్కల నట్లు) కూడా అంతే. లీడ్ స్క్రూ (థ్రెడ్ కొట్టేటప్పుడు క్యారేజ్‌ను నడిపే పొడుగు స్క్రూ) మాత్రం చక్ దగ్గరి చుట్టు, చివరి చుట్టు పక్కపక్కన చూసి పోల్చండి, ముందటి చుట్లు కత్తి లెక్క పదునెక్కితే థ్రెడింగ్ పనికి కష్టం.

ఛేంజ్ గేర్లు (థ్రెడ్ సైజు మార్చేటందుకు పెట్టేటివి) ఎన్నున్నయో మర్చిపోకుండ లెక్కబెట్టండి. మన దగ్గర చాలా లేత్ల లీడ్ స్క్రూ అంగుళానికి 4 చుట్లది. దాని మీద మిల్లీమీటర్ థ్రెడ్ కరెక్టుగ రావాలంటే 127 పళ్ల గేర్ కావాలె, అంగుళం 25.4 మి.మీ., 25.4 ఇంటూ 5 అంటే 127 గదా. ఆ గేర్ ఎక్కువ లేత్లల కనపడదు. ఉన్నదంటే ముందుగాల దాన్ని తీసుకొని, మిగతా గేర్లు, చక్ కీ, ఫోర్ జా చక్, స్టెడీ (పొడుగు రాడ్‌ను నడుమల ఆపేది), డెడ్ సెంటర్ (టెయిల్ స్టాక్‌ల పెట్టే మొన) అన్నీ ఒక బస్తాల ఏసి బేరం కుదిరిన రోజే ఇంటికి తెచ్చుకోండి. లేత్ తర్వాత రానీ. బండి కట్టి లేత్ ఎత్తే రోజుదాక ఆ సామాను ఆ షెడ్డుల ఉంటే పక్కోడొచ్చి ఒకటి పట్టుకపోతడు, అడిగితే "గది ముందు నుంచే లేదు తమ్మీ" అంటరు.

నాలుగో భాగం: అర టన్ను లేత్‌ను చైన్ బ్లాక్‌తోని ఎత్తి టాటా ఏస్‌ల పెట్టుడు, ఇంటి గేట్‌ల నుంచి పైపుల మీద దొర్లిచ్చుకుంట లోపలికి తెచ్చుడు. అప్పటిదాక ఇంట్ల పెట్టే జాగ కొలిచి పెట్టుకోండి, హెడ్ స్టాక్ ఎనక మనిషి నిలబడేంత ఖాళీతోని.